నీళ్ళకు ఆగే బండి

మా సెల్‌చెస్టర్ స్టేషన్ ఊరికి మైలు దూరంలో ఉంటుంది. అప్పట్లో రైలు వేస్తామని కంపెనీవాళ్ళు వస్తే పెద్ద చర్చి పాదిరీలు ఒప్పుకోలేదట, పొగకి చర్చి శిఖరం నల్లబడుతుందని. ఆ పుణ్యాత్ముల ధర్మమా అని అప్పట్నుంచీ ఊరు ఊరంతా వానలో తడుస్తూ మైలు నడిచి రైలెక్కుతోంది. శిఖరం ఎలాగూ నల్లబడనే నల్లబడింది. ఈ సంగతి నాకు చెప్పింది మా ఆయన లెన్. మేమిద్దరం మొదటిసారి కలిసి టీ తాగిన రోజున చెప్పాడు. ఇంకో మగాడైతే నా కళ్ళ గురించో జుట్టు గురించో ఏదో ఒకటి అఘోరించేవాడు.

ఒకప్పుడు ఇక్కడ అయిదు ప్లాట్‌ఫాంలు ఉండేవి. సముద్రం వైపు పోయే లైను అరవైల్లో పీకేశారు. ఆ పట్టాలున్న చోట ఇప్పుడు సూపర్‌మార్కెట్‌కి వచ్చినవాళ్ళు కార్లు పెట్టుకుంటారు. మిగిలినవి రెండు ప్లాట్‌ఫాంలు, గంటకో రెండు పెట్టెల బండి, మధ్యాహ్నానికే మూసేసే టికెట్ కిటికీ, ఏడాదిలో సగం రోజులు పని చెయ్యని లిఫ్టు. ఆదివారం మధ్యాహ్నం దాకా అసలు రైలే లేదు. ఆదివారం పొద్దున్నే ఎక్కడికన్నా వెళ్ళాలంటే శనివారమే బయల్దేరాలి.

లెన్ ఈ స్టేషన్ సిగ్నల్‌మాన్. ప్లాట్‌ఫాం చివర చెక్క కేబిన్లో, వరసగా నిలబెట్టిన ఇనప లీవర్ల మధ్య బతుకంతా గడిపాడు. తర్వాత ఆ కేబిన్ మూసేశారు. ఇప్పుడు మా సిగ్నళ్ళు ఎక్కడో పెద్ద నగరంలో తెరల ముందు కూర్చున్న పిల్లలు నడుపుతారు. వాళ్ళలో ఒక్కడు కూడా సెల్‌చెస్టర్ మొహం చూసి ఉండడు. కేబిన్ మూసిన రోజే లెన్ ఉద్యోగం మానేశాడు. కానీ డ్యూటీ మాత్రం మానలేదు. మా ఇల్లు రెండో ప్లాట్‌ఫాం వెనకే. వంటింటి కిటికీలోంచి చెయ్యి చాపితే బండిని తాకొచ్చు అనిపిస్తుంది. ఆ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, టీ కప్పు పట్టుకుని, వచ్చే బండినీ పోయే బండినీ తిట్టేవాడు.

"నాలుగు నిమిషాలు లేటు! సిగ్గు లేదూ వీళ్ళకి!"

"నాలుగు నిమిషాలకి కొంపలేం మునిగిపోయాయి లెన్?"

"నీకు తెలీదే. నువ్వు పెళ్ళికే ఆలస్యంగా వచ్చినదానివి."

అవును, వచ్చాను. చెప్పులు కరిచాయి. ఆ ముక్క నలభై ఏళ్ళ పైచిలుకు విన్నాను. డాక్టరు దగ్గరికి బయల్దేరితే ఆలస్యం, చర్చికి ఆలస్యం, అన్నం బల్ల మీదకి వచ్చేసరికి ఆలస్యం. ఆలస్యం అన్న మాట ఆయన నోట్లోంచి రాని రోజు మా ఇంట్లో లేదు.

ఫిబ్రవరిలో పోయాడు. అదే కుర్చీలో, ఒక బండి పోయి ఇంకో బండి రాకముందు. నేను టీ పట్టుకొచ్చేసరికి తల ఒక పక్కకి వాలి ఉంది. ఫోన్ చేశాను. వాళ్ళొచ్చారు. తీసుకెళ్ళారు. ఆయనకని తెచ్చిన టీ నేను తాగేసి కప్పు కడిగాను.

నాకేమీ అనిపించలేదు. నిజం చెబుతున్నాను, ఏమీ అనిపించలేదు. అంత్యక్రియల రోజున అందరూ ముక్కులు తుడుచుకుంటుంటే నేను శాండ్‌విచ్‌లు సరిపోతాయా లేదా అని లెక్క చూస్తున్నాను. "ఎంత గుండె నిబ్బరమో చూడండి హేజెల్‌కి" అని ఎవరో అన్నారు. నిబ్బరమూ లేదు, నా మొహమూ లేదు. పన్ను పీకేటప్పుడు సూది వేస్తే బుగ్గ ఎలా ఉంటుంది, మనిషినంతా అలా ఉన్నాను. మార్చి అయింది, ఏప్రిల్ అయింది, అలాగే ఉన్నాను. తిన్నాను, పడుకున్నాను, లేచాను.

పోయేముందు లెన్ నా చేత ఒట్టు వేయించుకున్న సంగతి ఒకటుంది. మా వైపు రైలు పిచ్చి ఉన్న మగవాళ్ళలో ఇదొక ఆచారం. పోయాక తమ బూడిదని పొగబండి ఇంజను పొయ్యిలో వెయ్యమంటారు. ఫైర్‌మాన్ పార మీద బొగ్గుతో పాటు వేస్తాడు, ఇంజను కూత వేస్తుంది, మనిషి పొగ గొట్టంలోంచి పొలాల మీదకి పోతాడు. అంతే. ప్రతి జులైలో పాత ఆవిరి ఇంజనుతో ఒక సరదా బండి మా మీదుగా నడుపుతారు. దానికి దాహం ఎక్కువ కాబట్టి మా రెండో ప్లాట్‌ఫాం దగ్గర నీళ్ళకు ఆగుతుంది. స్టేషన్ ముందు ట్యాంకర్ లారీ పెట్టి గొట్టంతో నీళ్ళు పడతారు. ఆ ఇంజను ఫైర్‌మాన్ మాల్కమ్ లెన్‌కి పాత స్నేహితుడు.

"ఒకసారి కాల్చాక మళ్ళీ కాల్చడమేంటి, నీకేమన్నా మతి పోయిందా?" అన్నాను నేను.

"మొదటిది దహనశాలలో గ్యాసు మంట. ఇది బొగ్గు మంట" అన్నాడు లెన్, ఆ తేడా తెలియనిదాన్ని పెళ్ళెందుకు చేసుకున్నానా అన్నట్టు చూస్తూ.

సరే అన్నాను. ఆయన అడిగింది అదొక్కటే. బంగళా అడగలేదు, విహారయాత్ర అడగలేదు. అదన్నా చెయ్యకపోతే నేనేం పెళ్ళాన్ని?

జులై వచ్చింది. ఆ ఏడు ఎండలు మండిపోయాయి. మా పచ్చగడ్డి మొత్తం ఎండి గోధుమ రంగుకి తిరిగింది. శనివారం పొద్దున్నే లేచి, మంచి నీలం కోటు వేసుకుని, ఆ వేడిలో కోటేమిటని నన్ను నేనే తిట్టుకుని, లెన్‌ని గుడ్డ సంచీలో పెట్టుకుని బయల్దేరాను. దహనశాలవాళ్ళు ఇచ్చింది మిఠాయి డబ్బాలాంటి ఆకుపచ్చ ప్లాస్టిక్ డబ్బా. బరువు మాత్రం పసిబిడ్డంత ఉంది. చేతులు మార్చుకుంటూ మోశాను. ఆ రోజు ఆలస్యం కాలేదు. బండికి చాలా ముందే వెళ్ళాను.

ప్లాట్‌ఫాం నిండా జనం. కెమెరాలు, మడత కుర్చీలు, ఫ్లాస్కులు. స్టేషన్లో పూలతొట్లు చూసుకునే రోవీనా పెట్టిఫర్ నిమ్మకాయ కేకు చేసుకొచ్చింది. ఆవిడ మంచి మనిషే గానీ, చర్చి పక్క పెద్ద ఇంటావిడ. నాతో మాట్లాడితే ఆస్పత్రిలో రోగితో మాట్లాడినట్టు గొంతు తగ్గిస్తుంది.

"ఎలా ఉన్నారు హేజెల్?"

"బాగానే ఉన్నానండీ."

"ఇవాళ మీకెంత కష్టంగా ఉందో!"

"కోటు వేడిగా ఉంది, అంతే" అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని నొక్కింది. నేను ఆ చేతికేసి చూశాను. ఎవరిదో చెయ్యి అనిపించింది.

బండ్లకి ఈల వేసి పంపించే కుర్రాడు డారిల్ వచ్చాడు. కుర్రాడంటే ముప్ఫై దాటాయి, ఇద్దరు పిల్లలు కూడాను. ఇవాళ్టికి బూట్లు పాలిష్ చేసుకున్నాడు. లెన్ అతన్ని రోజూ కిటికీలోంచి తిట్టేవాడు. అతను రోజూ కిటికీకేసి సెల్యూట్ కొట్టేవాడు.

"సంచీలో ఉన్నది లెన్ గారేనా?" అన్నాడు నెమ్మదిగా.

"కాదు, బంగాళదుంపలు."

అతను నవ్వాలో వద్దో తెలియక బూట్లకేసి చూసుకున్నాడు.

బండి కనపడింది. కెమెరాలన్నీ లేచాయి. కానీ కూత వెయ్యలేదు. పొగ లేదు. ఎర్ర రంగు డీజిల్ ఇంజనొకటి గురక పెడుతూ వచ్చి, పాత కాలపు పెట్టెల్ని లాక్కొచ్చి మా ముందు నిలబెట్టింది. ప్లాట్‌ఫాం మీద జనమంతా ఒక్కసారి నిట్టూర్చారు. మా వాళ్ళు అంతకన్నా గొడవ చెయ్యరు. కొంపంటుకున్నా నిట్టూరుస్తారు.

ముందు పెట్టెలోంచి మాల్కమ్ దిగాడు. మసిలేని మొహంతో అతన్ని నేనెప్పుడూ చూడలేదు, ముందు గుర్తుపట్టలేదు. టోపీ చేతిలో పట్టుకుని వచ్చాడు.

"హేజెల్, ఏం చెప్పను. నిన్న సాయంత్రం ఆర్డరొచ్చింది. ఎండలకి గడ్డంతా ఎండిపోయింది కదా, నిప్పురవ్వ పడితే అంటుకుంటుందని ఆవిరి ఇంజను బయటికి తియ్యొద్దన్నారు. నీకు ఫోన్ చేద్దామని..."

"చెయ్యలేదు."

"ధైర్యం చాల్లేదు."

అందరూ నాకేసి చూస్తున్నారు. ఏదో ఒకటి అనాలి కదా అని "పోన్లే, పొలాలు కాలిపోతే ఇంకా ఘోరం" అన్నాను.

రోవీనా ముందుకొచ్చింది. "పోనీ మన పూలతొట్లలో... ఆయనకి ఈ స్టేషనంటే ప్రాణం కదా. గులాబీలకి చాలా మంచిదట కూడా."

"మీ పూలు లెన్‌కి పడవండీ" అన్నాను. నిజమే. సిగ్నల్‌కి అడ్డం వస్తున్నాయని ఒకసారి రాత్రికి రాత్రి ఒక తొట్టి జరిపేశాడు కూడా. ఆ మాట మాత్రం అనలేదు.

అప్పుడు మాల్కమ్ ముఖం వెలిగింది. "ఇలా చేద్దాం. ఇంజను మా షెడ్డులోనే ఉంది. మంగళవారం వట్టినే పొయ్యి వెలిగిస్తాం, బాయిలరు పరీక్ష ఉంది. లెన్‌ని నాకివ్వు, నేను తీసుకెళ్ళి నా చేతులతో వేస్తాను. కూత కూడా వేయిస్తాను. నువ్వు అంత దూరం రానక్కర్లేదు."

"ఎంత బాగా చెప్పారు!" అంది రోవీనా.

నీళ్ళు పట్టే పనే లేదు కాబట్టి బండి ఊరికే ఆగి ఉంది. దాని వెనక మా రెండు పెట్టెల బండి సిగ్నల్ దగ్గర కాచుకుని ఉంటుంది. డారిల్ గడియారం చూసుకున్నాడు, చూసుకున్నట్టు నాకు తెలియకూడదని చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. నా ఒక్కదాని కోసం ఇంతమంది ఆగి ఉన్నారు. మాల్కమ్ రెండు చేతులూ చాపి నిలబడ్డాడు, చంటిబిడ్డని అందుకునేవాడిలా.

మేం ఇంతే. మా కాలు తొక్కినవాడికి మేమే సారీ చెబుతాం. ఎవరికన్నా ఇబ్బంది కలిగించడం కన్నా చావడం నయం మాకు.

"నీకు శ్రమ మాల్కమ్" అన్నాను. డబ్బా సంచీలోంచి తీసి ఇచ్చేశాను. "చాలా థాంక్స్" అని కూడా అన్నాను.

అతను ఎక్కాడు. తలుపు పడింది. డారిల్ ఈల వేశాడు, బండి కదలొచ్చని చేతిలో గుండ్రటి పలక ఎత్తాడు. డీజిల్ గట్టిగా మూలిగి కదిలింది.

నా చేతిలో సంచీ ఉంది. అందులో ఏమీ లేదు. బరువుకి ఇంతసేపూ సాగి ఉన్న గుడ్డ ముడుచుకుపోయింది. ఆ సంచీ కేసి చూశాను. పక్కన రోవీనా కేకు కోస్తూ, పెద్ద ముక్క కావాలా, చిన్నదా అని అడుగుతోంది.

"ఆపండి" అన్నాను.

ఎవరికీ వినపడలేదు. పెట్టెలు ఒక్కొక్కటే నన్ను దాటిపోతున్నాయి.

"ఆపండి! ఆపండర్రా! మా ఆయన!"

అంత గొంతు నాలో ఉందని నాకే తెలియదు. అరిచి ఊరుకోలేదు. సంచీ కింద పడేసి, రెండు చేతులూ తల మీదకి నిటారుగా ఎత్తి, ప్లాట్‌ఫాం అంచున గీసిన పసుపు గీత మీదకి వెళ్ళి నిలబడ్డాను. సిగ్నల్‌మాన్ పెళ్ళాన్ని. రెండు చేతులూ పైకెత్తితే ప్రమాదం, బండి ఆగాలి అని అర్థం. రైలు పనివాళ్ళకి అంతకన్నా పెద్ద కేక లేదు. ఊరికే అలా చేతులెత్తినవాణ్ణి లెన్ జీవితంలో క్షమించేవాడు కాదు.

డారిల్ నన్ను చూశాడు. ఒక్క క్షణం నోరు తెరుచుకుని నిలబడ్డాడు. తర్వాత అతను కూడా రెండు చేతులూ ఎత్తి, ఈల నోట్లో పెట్టుకుని ఊదుతూనే ఉన్నాడు.

బ్రేకులు కీచుమన్నాయి. పెట్టెలన్నీ ఒకదాన్నొకటి గుద్దుకుని ఆగాయి. లోపల ఎవరి ఫ్లాస్కో కింద పడిన చప్పుడైంది. నేను బండి పక్కన నడుచుకుంటూ ముందుకి వెళ్ళాను. పరిగెత్తే వయసా నాది! ఒక్కో కిటికీలోంచీ ఒక్కో మొహం. ఒక్కో మొహానికీ సారీ చెప్పుకుంటూ వెళ్ళాను. ముందు పెట్టె ప్లాట్‌ఫాం చివరి వాలు దగ్గర ఆగి ఉంది. మాల్కమ్ తలుపు తీశాడు.

"ఏమైంది హేజెల్? పడ్డావా?"

"ఇటివ్వు."

"మంగళవారం ఎలాగూ..."

"మంగళవారం లేదు, బుధవారం లేదు. ఇటివ్వు మాల్కమ్."

"లెన్‌కి మాటిచ్చాం కదా ఇద్దరం."

"ఇచ్చాను. తప్పుతున్నాను. ఇటివ్వు."

డబ్బాని అతను అప్పటికే సీటు మీద పెట్టి, పడిపోకుండా దాని చుట్టూ తన కోటు చుట్టి ఉంచాడు. ఆ కోటు విప్పి, వంగి డబ్బాని నా చేతులకి అందించాడు. అతని కళ్ళు తడిగా ఉన్నాయి. సారీ అన్నాడు. నేనూ సారీ అన్నాను. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఎవరికన్నా దెబ్బ తగిలిందా? నన్ను వెళ్ళమంటారా వద్దా?" అని అరిచాడు. దెబ్బ ఎవరికీ తగల్లేదని డారిల్ కేక వేశాడు. మళ్ళీ ఈల, మళ్ళీ పలక. బండి వెళ్ళిపోయింది.

అది పోయాక చాలాసేపటికి మా రెండు పెట్టెల బండి వచ్చింది. ఎక్కేవాళ్ళు ఎక్కారు. ఒకాయన నాకేసి చూసి తల అడ్డంగా ఊపాడు. కోపం వచ్చిందన్నమాట. డారిల్ ఆ బండిని కూడా పంపించి, చెమట తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చాడు.

"హేజెల్ గారూ, బండి ఆలస్యమైతే ఎందుకయిందో, ఎవరి వల్లయిందో రాసి తీరాలి. రెండు బండ్లు ఆగాయి. పైనుంచి ఫోన్ చేస్తారు. ఏమని రాయమంటారు?"

"పెళ్ళాం వల్ల అని రాయి."

"ఆ కారణం కంప్యూటర్లో లేదండీ."

"మరేమున్నాయి?"

"వరద ఉంది. పట్టాల మీద రాలిన ఆకులు ఉన్నాయి. మొన్నొకసారి గొర్రె వచ్చి పట్టాల మీద నిలబడింది. గొర్రె అని రాసెయ్యనా? ఏమనుకోరు కదా?"

"రాయి. గొర్రే నయం నాకన్నా."

అతను సంచీ ఏరి తెచ్చి, దుమ్ము దులిపి ఇచ్చాడు. రోవీనా కాగితంలో కేకు ముక్క చుట్టి నా కోటు జేబులో పెట్టింది. ఆవిడ నోరు మూసుకుని చేసిన మంచిపని అదొక్కటే నాకు గుర్తు.

ఇంటికొచ్చాను. డబ్బా తీసుకెళ్ళి వంటింటి కిటికీ దగ్గర, ఆయన కుర్చీలో పెట్టాను. కోటు విప్పాను. టీకి నీళ్ళు పెట్టాను. అగ్గిపుల్ల అంటుకోవడానికి మూడు నాలుగు సార్లు గియ్యాల్సొచ్చింది.

"లెన్" అన్నాను, పొయ్యి వైపు తిరిగే. "నేనివాళ బండి ఆపాను. ఒకటి కాదు, రెండు. రెండు చేతులూ ఎత్తాను. ప్రమాదం లేదు, ఏమీ లేదు, ఊరికే ఎత్తాను. నీకిచ్చిన మాట కూడా తప్పాను."

నీళ్ళు కాగుతున్నాయి.

"జనమంతా చూశారు. గొర్రె అని రాసుకున్నారు నన్ను."

కప్పులు తీశాను. రెండు తీశాను. అలవాటు. ఇప్పుడు తిడతాడు, ఇప్పుడు మొదలుపెడతాడు అని కుర్చీకి వీపు తిప్పుకునే ఎదురు చూస్తున్నాను. నాలుగు నిమిషాల ఆలస్యానికి కుర్చీలోంచి లేచి కిటికీ అద్దం దబదబా బాదేవాడు. ఇంత ఆలస్యానికి ఇల్లెగిరిపోవాలి. పెళ్ళి నాటి చెప్పుల దగ్గర్నుంచి ఎత్తుకోవాలి.

"తిట్టు" అన్నాను. "తిట్టవేం? లెన్, తిట్టు!"

వెనక్కి తిరిగాను. కుర్చీలో ఆకుపచ్చ డబ్బా ఉంది.

డాక్టరు చెప్పాడు, పాదిరీ చెప్పాడు, కాగితాలు చెప్పాయి. అయిదు నెలలుగా అందరూ చెప్పిన మాట అప్పుడు తెలిసింది నాకు. లెన్ పోయాడు. నేను రెండు రైళ్ళు ఆపినా ఒక్క మాట అనలేదంటే, పోయాడన్నమాటే.

 కుర్చీ పక్కన నేల మీద కూలబడి, దాని కోడు పట్టుకుని ఏడ్చాను. చిన్నపిల్లలా, నోరు తెరిచి, ముక్కు కారుతుంటే తుడుచుకోకుండా ఏడ్చాను. ఒళ్ళంతా నొప్పి పుట్టింది. కిటికీ బయట బండి వచ్చింది, ఆగింది, వెళ్ళిపోయింది. టైముకే వచ్చిందో లేదో నాకు చెప్పేవాళ్ళు లేరు.